ఓఆర్‌ఎస్‌ను తల్లుల చేతికిచ్చిన డాక్టర్

1971 జూన్ నెలాఖరు. పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్. అక్కడి ఆసుపత్రిలో ఉన్నవి రెండు గదులు, 16 మంచాలు. అవతల తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, యుద్ధం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దు దాటి వస్తున్న జనంలో కలరా పుట్టింది. మంచాలు ఎప్పుడో నిండిపోయాయి, మిగతావాళ్లంతా నేల మీదే. ఆ నేల నిండా వాంతులు, విరేచనాలు. ఒక్క రోగికి సెలైన్ పెట్టాలన్నా డాక్టరు ఆ తడిలోనే మోకాళ్ల మీద కూర్చుని, కుంగిపోయి చేతికి దొరకని నరం కోసం వెతుక్కోవాలి.

కలకత్తా నుంచి వచ్చిన వైద్య బృందానికి పెద్ద దిలీప్ మహలనబిస్. వయసు 36. ఆయన బృందంలో నరానికి సెలైన్ ఎక్కించడం నేర్చినవాళ్లు ఇద్దరే. తెచ్చుకున్న సీసాలు అయిపోవస్తున్నాయి. వచ్చిన 48 గంటల్లోనే ఆయనకు విషయం తెలిసిపోయింది: ఇదే పద్ధతిలో పోతే వీళ్లను కాపాడుకోలేం. ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించారు. రోగుల పక్కన దిక్కుతోచక కూర్చున్న అమ్మలు, అక్కలు, భర్తల చేతికి గ్లాసులిచ్చి, తాగిస్తూనే ఉండండి అన్నారు.

ఈ డాక్టరు పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆయన తాగించిన నీళ్లు మాత్రం మనకు బాగా తెలుసు. మందుల షాపులో ఓఆర్‌ఎస్ అని అడిగితే ఇచ్చే ప్యాకెట్ వాటి వారసురాలే. 2022 అక్టోబరులో ఆయన చనిపోయినప్పుడు చాలా వార్తల్లో ‘ఓఆర్‌ఎస్ కనిపెట్టిన డాక్టర్’ అని రాశారు. అది పూర్తిగా నిజం కాదు. ఆ నీళ్ల వెనక ఉన్న శాస్త్రాన్ని కనిపెట్టినవాళ్లు వేరే ఉన్నారు. మహలనబిస్ చేసింది అంతకంటే అరుదైన పని అని నేననుకుంటాను. ఆసుపత్రి గోడల మధ్య, కొలతల మధ్య, డాక్టర్ల కనుసన్నల్లో జరిగే వైద్యాన్ని తీసుకెళ్లి మామూలు మనుషుల చేతిలో పెట్టారు. వాళ్లు దాన్ని చేయగలరని లెక్కలతో చూపించారు. కనిపెట్టడానికీ, చేరవేయడానికీ మధ్య ఉన్న ఈ తేడా తెలిస్తే, ప్రజారోగ్య వైద్యుడు అనే మనిషి అసలు ఏం చేస్తాడో తెలుస్తుంది. దానికి ముందు ఒకసారి పేగులోకి తొంగి చూడాలి.

కలరా ముట్టుకోని దారి

కలరాను తెలంగాణలో గత్తర అనేవాళ్లు. గత్తర వచ్చిందంటే ఊళ్లు ఖాళీ అయ్యేవి. ఆ మాట ఇప్పటికీ తిట్లలో మిగిలి ఉందంటే, ఆ భయం ఎంత లోతుగా నాటుకుందో ఊహించుకోవచ్చు. ఇంత భయపెట్టిన కలరా క్రిమి చేసే పని వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. అది పేగును కొరికెయ్యదు, రక్తంలోకి పాకదు. చిన్నపేగు గోడకు అంటుకుని ఒక విషాన్ని వదులుతుంది, అంతే. ఆ విషం తాకిన పేగు కణాలు తమలోని క్లోరైడ్‌ను బయటికి తోసేయడం మొదలుపెడతాయి. దాని వెంట సోడియం పోతుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటే పోతుంది. బియ్యం కడుగులా తెల్లగా, ధారగా విరేచనాలు అవుతాయి. తీవ్రంగా సోకిన పెద్దవాళ్లకు గంటకు లీటరు దాకా పోవచ్చు. కళ్లు లోతుకు పోతాయి. చర్మాన్ని గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడుతుంది. గొంతు పీలగా అయిపోతుంది, నాడి అందదు. ఉదయం పొలానికి వెళ్లిన మనిషి రాత్రికి ఉండడు.

చంపేది క్రిమి కాదు, ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ. కాబట్టి పోయినంతా పోయిన వేగంతోనే తిరిగి నింపగలిగితే మనిషి బతుకుతాడు. నాలుగైదు రోజుల్లో క్రిమి తనంతట తనే కొట్టుకుపోతుంది.

ఈ సంగతి కొత్తది కాదు. 1832లో స్కాట్లాండ్‌లోని లీత్‌లో థామస్ లాటా అనే డాక్టరు కలరా రోగుల నరాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి చూశాడు. అతనికి ఆ ఆలోచన ఇచ్చింది ఓషానెసీ అనే యువ వైద్యుడు. కలరా రోగుల రక్తంలో నీరూ లవణాలూ తగ్గిపోయాయని పరీక్షించి చెప్పింది అతనే. అదే ఓషానెసీ తర్వాత భారతదేశానికి వచ్చి కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం బోధించాడు, దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. శతాబ్దం దాటాక మహలనబిస్ చదువుకున్నది కూడా ఆ కాలేజీలోనే. 20వ శతాబ్దం మొదట్లో కలకత్తాలోనే లియొనార్డ్ రోజర్స్ సెలైన్ వైద్యాన్ని మెరుగుపరిచాడు. 1960ల నాటికి సరిగ్గా సెలైన్ అందిన కలరా రోగి చనిపోవడం దాదాపు లేదు.

చిక్కంతా ఆ ‘అందిన’ అన్న మాటలో ఉంది. క్రిములు లేని సీసాలు కావాలి, సూదులు కావాలి, చెయ్యి తిరిగినవాళ్లు కావాలి, అవన్నీ చేరడానికి రోడ్డు కావాలి. కలరా మాత్రం అవేవీ లేనిచోటే పుడుతుంది.

మరి నోటితో తాగిస్తే సరిపోదా? సరిపోదనే డాక్టర్లు చాలాకాలం నమ్మారు. పేగు పాడైపోయింది, తాగిందంతా కిందికే పోతుంది, దానికి విశ్రాంతి ఇవ్వాలి అన్నది అప్పటి పాఠం. ఇందులో సగం నిజముంది. ఒట్టి నీళ్లు తాగిస్తే పేగు వాటిని పట్టుకోలేదు. మిగతా సగాన్ని తప్పని తేల్చింది పేగు గోడ మీదున్న ఒక చిన్న ఏర్పాటు. 1960లో ప్రాగ్‌లో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త దాని గురించి చెప్పాడు. గ్లూకోజ్ పేగులోంచి లోపలికి వెళ్లాలంటే సోడియంతో కలిసి వెళుతుంది. రెండింటినీ కలిపి మోసుకెళ్లే ప్రత్యేకమైన ద్వారపాలకుడు ఉన్నాడనుకోండి. ఒక గ్లూకోజ్ అణువు వెంట రెండు సోడియంలు వస్తేనే లోపలికి వదులుతాడు. ఆ జంట వెనకే నీరు కూడా లోపలికి వస్తుంది.

కలరా విషం ఈ దారిని ముట్టుకోదు. ఒకవైపు నీరు బయటికి పోతూనే ఉన్నా, ఇంకోవైపు ఈ దారిలో లోపలికి తెచ్చుకోవచ్చు. తెచ్చేది పోయేదానికంటే ఎక్కువైతే మనిషి నిలబడతాడు. ఓఆర్‌ఎస్ అంతా ఈ ఒక్క అవకాశం మీదే ఆధారపడి ఉంది. ఉప్పు లేని చక్కెర నీళ్లు, చక్కెర లేని ఉప్పు నీళ్లు ఆ పని చేయలేవు. రెండూ ఉండాలి, అదీ పాళ్లు కుదరాలి. చక్కెర మరీ ఎక్కువైతే అది రక్తంలోంచి నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు. 1962లో మనీలాలో రాబర్ట్ ఫిలిప్స్ అనే అమెరికన్ నేవీ డాక్టరు నోటిద్వారా వైద్యం ప్రయత్నించినప్పుడు ద్రావణం మరీ చిక్కగా ఉంది. రోగులు చనిపోయారు. ఆ దెబ్బతో ఆయనే ఈ పద్ధతి మీద అనుమానంలో పడిపోయాడు. ‘ఉప్పు చక్కెర నీళ్లే కదా’ అని తేలిగ్గా అనే ముందు ఈ మరణాలను గుర్తుపెట్టుకోవాలి.

ఘనత ఎవరిది?

ఈ ప్రశ్న మీద దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. నా లెక్కలో దీనికి ఒక్క పేరుతో జవాబు లేదు.

1953లో కలకత్తా డాక్టర్ హేమేంద్రనాథ్ చటర్జీ 186 మంది కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి నయం చేసినట్టు లాన్సెట్ పత్రికలో రాశారు. వాంతులు ఆగడానికి ఆయన ఒక ఆకు రసం కూడా వాడారు. క్రేన్ ప్రాగ్‌లో మాట్లాడటానికి ఏడేళ్ల ముందు సంగతి ఇది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ వైద్యం అందని రోగులతో పోల్చి చూపలేదు, ఎంత పోయింది ఎంత తాగారు అన్న కొలతలు లేవు, ఎందుకు పనిచేసిందో వివరణ లేదు. ఆ అభ్యంతరాలు సబబైనవే. కానీ ఆ వ్యాసం చదివి, సరైన కొలతలతో మళ్లీ చేసి చూద్దామని ఏ పెద్ద సంస్థా ముందుకు రాకపోవడం మాత్రం అన్యాయం. ఆ పదిహేనేళ్లలో పోయిన ప్రాణాలను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1959లో అదే కలకత్తాలో శంభునాథ్ డే, కుందేళ్ల పేగుల మీద ప్రయోగాలు చేసి కలరా క్రిమి వదిలే విషమే అసలు దోషి అని చూపించారు. కలరా మీద ఆ తర్వాతి పరిశోధనంతా దాని మీదే నిలబడింది. 1985లో మరణించేవరకూ ఆయనకు సొంత దేశంలో దక్కవలసిన గౌరవం దక్కలేదు.

1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ డాక్టర్లు 29 మంది రోగుల మీద పక్కాగా పరీక్ష చేశారు. నోటిద్వారా ద్రావణం ఇచ్చినవాళ్లకు సెలైన్ అవసరం 80 శాతం తగ్గిపోయింది. దాదాపు అదే సమయంలో కలకత్తాలో నథానియల్ పియర్స్ బృందం కూడా ఇలాంటి ఫలితాలే సాధించింది. ఆ బృందంలో మహలనబిస్ ఉన్నారు.

అంటే 1968 నాటికే చేతిలో అన్నీ ఉన్నాయి. అయినా వైద్యం ఆసుపత్రి గడప దాటలేదు. ఆ పరీక్షలు ఎలా జరిగాయో చూస్తే కారణం తెలుస్తుంది. కలరా వార్డులో రోగిని పడుకోబెట్టే మంచం మధ్యలో రంధ్రం ఉంటుంది, దాని కింద బకెట్. కొన్ని గంటలకోసారి నర్సు ఆ బకెట్‌లో ఎంత పడిందో కొలుస్తుంది, మళ్లీ అంత ద్రావణం తాగిస్తుంది. రక్తపరీక్షలు సరేసరి. ఇంత జాగ్రత్త ఉంటేనే నోటి వైద్యం క్షేమమని అందరూ అనుకున్నారు. కొలవడం రాని చోట దీన్ని వదిలితే మనీలా మళ్లీ జరుగుతుందన్న భయం ఉంది. ఆ భయం పిరికితనం కాదు, అనుభవంతో వచ్చిందే. దాన్ని దాటడానికి ప్రయోగశాలలో జవాబు దొరకదు.

బన్‌గావ్ దాకా

మహలనబిస్ 1934 నవంబరు 12న అవిభక్త బెంగాల్‌లోని కిశోర్‌గంజ్‌లో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. 1958లో కలకత్తా మెడికల్ కాలేజీ నుంచి పట్టా తీసుకుని, తర్వాత బ్రిటన్ వెళ్లి పిల్లల వైద్యంలో శిక్షణ పొందారు. లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ పిల్లల ఆసుపత్రిలో రిజిస్ట్రార్ ఉద్యోగం దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. అక్కడే స్థిరపడి ఉండొచ్చు. 1960ల మధ్యలో తిరిగి వచ్చి, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలకత్తాలో నడుపుతున్న పరిశోధన కేంద్రంలో చేరారు.

బన్‌గావ్‌లో ఆయన ముందు పడున్నవాళ్లు ఆయన పుట్టిన నేల మనుషులే. ఆయన పిల్లల డాక్టరు కావడం కూడా ఈ కథలో చిన్న విషయం కాదని నాకనిపిస్తుంది. పిల్లల డాక్టరుకు రోగితో మాట్లాడే అవకాశం తక్కువ, తల్లితోనే మాట్లాడాలి. మందు పోసేదీ, రాత్రంతా మేలుకుని చూసేదీ ఆవిడే. ఆ చేతులను నమ్మడం ఆయన వృత్తిలోనే ఉంది.

ఆ ఏడాది దాదాపు కోటి మంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. అంతమందికి సరిపడా సెలైన్ ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. మహలనబిస్ ఒక సూత్రం పెట్టుకున్నారు: ఎక్కడైనా దొరికే మూడే మూడు దినుసులు. లీటరు నీటికి గ్లూకోజ్ 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, తినే సోడా 2.5 గ్రాములు. కలకత్తాలోని తమ కేంద్రంలోనే తూకం వేయించి, పాలిథిన్ సంచుల్లో నింపి, వేడి ఇస్త్రీపెట్టెతో సంచి అంచులు అతికించారు. శిబిరంలో ఆ పొడిని డ్రమ్ముల నీళ్లలో కలిపారు. కొలత తప్పే అవకాశం ఉన్నది ఒక్క కలపడంలోనే, దాన్ని తన మనుషుల చేతిలో ఉంచుకున్నారు. తాగించడాన్ని కుటుంబాలకు వదిలారు. మనీలా భయానికి ఆయన ఇచ్చిన జవాబు ఈ పని విభజనలోనే ఉంది.

ఆ డ్రమ్ముల మీద ‘ఓరల్ సెలైన్’ అని రాయించారు. సెలైన్ అంటే ప్రాణం పోసేదని అప్పటికే జనానికి తెలుసు. ఇది సూదితో కాకుండా నోటితో ఎక్కించే సెలైన్ అని నర్సులు చెప్పారు. జనం నమ్మారు. వాళ్లకు తెలిసిన మాటతోనే వాళ్ల ముందుకు వెళ్లడం వైద్యంలో భాగం కాదనిపించొచ్చు కానీ, ఆ మాట లేకపోతే ఆ నీళ్లు డ్రమ్ముల్లోనే మిగిలిపోయి ఉండేవేమో.

బకెట్ కొలతల బదులు ఆయన నమ్ముకున్నది దాహాన్ని. ఒంట్లో నీరు తగ్గిన మనిషి అడిగి మరీ తాగుతాడు, నిండాక వద్దంటాడు. సీసాలను పూర్తిగా పక్కన పెట్టేశారని అనుకోవద్దు. నాడి అందనివాళ్లకు, స్పృహ తప్పినవాళ్లకు ముందు సెలైనే ఎక్కించారు. కాస్త తేరుకుని గుటక వేయగలిగితే వెంటనే గ్లాసు. ఉన్న కొద్ది సీసాలూ అవి లేకపోతే బతకనివాళ్ల కోసం మిగిలాయి. ఓఆర్‌ఎస్, సెలైన్ ఒకదానికొకటి పోటీ కాదు, ఇప్పటికీ కాదు.

ఆగస్టు చివరికల్లా ఆ బృందం చూసిన రోగులు సుమారు 3,700 మంది. అప్పటిదాకా శిబిరాల్లో కలరా సోకినవాళ్లలో 30 శాతం దాకా చనిపోతున్నారు. ఈ 3,700 మందిలో మరణాలు 3.6 శాతం.

ఈ అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. శాస్త్రీయంగా చూస్తే దీనికీ చటర్జీ వ్యాసానికి తగిలిన అభ్యంతరమే తగులుతుంది. సగం మందికి ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా పోల్చిన పరీక్ష కాదిది. అప్పటి పరిస్థితికీ ముందటి పరిస్థితికీ ఇంకా తేడాలు ఉండొచ్చు. కానీ సీసాలు లేని చోట పోల్చడం కోసం కొందరికి నీళ్లు ఇవ్వకుండా ఉండటమంటే వాళ్లను చావుకు వదిలేయడమే. మహలనబిస్ కళ్లు మూసుకుని సాహసం చేయలేదు. పేగు ఎలా పనిచేస్తుందో తెలుసు, వార్డులో చేసిన పరీక్షల్లో తనూ ఉన్నాడు. తెలియనిది ఒక్కటే, శిక్షణ లేని చేతుల్లో ఇది నిలుస్తుందా అని. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు బన్‌గావ్ ఇచ్చింది.

వార్డులో డాక్టరు తన ముందున్న రోగికి అత్యుత్తమమైన వైద్యం ఏదని అడుగుతాడు. ప్రజారోగ్య వైద్యుడి ప్రశ్న వేరు: గేటు బయట క్యూలో చివర కూర్చున్న మనిషి దాకా చేరేది ఏది? ఒక్కో రోగినీ విడిగా చూస్తే అప్పుడు సెలైనే మేలు అనిపిస్తుంది. మొత్తం గుంపును చూస్తే, పదిమందికి అందే గొప్ప వైద్యం కంటే వెయ్యిమందికి అందే మంచి వైద్యం ఎక్కువ ప్రాణాలు నిలుపుతుంది. చెప్పడానికి తేలికే. సెలైన్ ఇస్తే బతుకుతాడని తెలిసిన మనిషికి గ్లాసు ఇచ్చి ముందుకు నడవడానికి ఎంత గుండె కావాలో ఆ నేల మీద మోకరిల్లినవాళ్లకే తెలుస్తుంది.

శిబిరం తర్వాత

యుద్ధం ముగిసింది. పోరాటం ముగియలేదు. మహలనబిస్ రాసిన పరిశోధనా పత్రాన్ని మొదట తిప్పి పంపారు. చివరికి 1973లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. వైద్యలోకంలో చాలామందికి నమ్మకం కుదరలేదు. నమ్మినవాళ్లలో ముఖ్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి ధీమన్ బరువా. ఆయన స్వయంగా బన్‌గావ్ వచ్చి చూసి వెళ్లి, సంస్థ లోపల ఈ వైద్యం కోసం పట్టుబట్టారు. 1970ల మధ్యకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఒకే రకం ఓఆర్‌ఎస్‌ను ప్రమాణంగా తీసుకున్నాయి. 1978లో అతిసార నివారణకు ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలైంది. ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి ఇదే కావొచ్చని అదే ఏడాది లాన్సెట్ సంపాదకీయం రాసింది. పాతికేళ్ల కిందట చటర్జీ వ్యాసం వేసిన పత్రికే అది.

మహలనబిస్ 1970ల రెండో సగంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్ఘానిస్తాన్, ఈజిప్ట్, యెమెన్‌లలో కలరా నియంత్రణ పనిచేశారు. తర్వాత అదే సంస్థ అతిసార కార్యక్రమంలో, 1990లలో ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రంలో ఉన్నారు.

బన్‌గావ్ ఆలోచనను అందుకుని ఎక్కువ దూరం తీసుకెళ్లింది మాత్రం బంగ్లాదేశ్ గ్రామాలే. అక్కడ బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. కోటికి పైగా ఇళ్లు. వాళ్లు ప్యాకెట్లు పంచలేదు. మూడువేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు (దాదాపు అర లీటరు) నీళ్లు ఎలా కలపాలో తల్లి చేత కలిపించి నేర్పారు. తర్వాత ఇంకొకరు వెళ్లి, ఆ తల్లులకు ఎంత గుర్తుందో పరీక్షించేవారు. కార్యకర్త జీతం ఆ గుర్తును బట్టే. ఎన్ని ఇళ్లకు వెళ్లావన్నది కాక ఎంతమందికి వచ్చిందన్నది లెక్క. బన్‌గావ్‌లో కలిపే పని డాక్టర్ల చేతిలో ఉండింది. ఇక్కడ దాన్ని కూడా తల్లులకే ఇచ్చారు.

ఫార్ములా కూడా అక్కడే ఆగలేదు. 1984లో తినే సోడా బదులు సిట్రేట్ వచ్చింది, పొడి ఎక్కువకాలం పాడవకుండా నిలిచింది. 2002లో ఉప్పు, గ్లూకోజ్ రెండింటినీ తగ్గించారు. పలుచన చేస్తే పిల్లల్లో విరేచనాలు, వాంతులు తగ్గుతున్నాయని, సెలైన్ అవసరం తక్కువ పడుతోందని తేలింది. 2004 నుంచి దాంతోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ కూడా ఇవ్వమంటున్నారు.

ఎందుకు ఇంకా వాడటం లేదు?

1980 ప్రాంతంలో ప్రపంచంలో ఏడాదికి 40, 50 లక్షల మంది అయిదేళ్లలోపు పిల్లలు విరేచనాలతో చనిపోయేవారని అంచనా. ఇప్పుడు అది సుమారు 4.4 లక్షలు. శుభ్రమైన నీరు, టీకాలు, పోషణ కూడా ఇందులో పాలుపంచుకున్నాయి, అయినా ఓఆర్‌ఎస్ వాటా చాలా పెద్దది. నిలిచిన ప్రాణాలను కోట్లలో లెక్కిస్తారు. మరి మిగిలిన ఆ 4.4 లక్షలు? మన దేశంలో అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది 60.6 శాతానికే. జింక్ మూడోవంతుకు కూడా అందలేదు.

ఎందుకిలా? ప్యాకెట్లు దొరక్క అనుకుంటాం. లేదా డాక్టర్లకు దాంట్లో లాభం లేక. కర్ణాటక, బిహార్ పట్టణాల్లో రెండు వేలకు పైగా ప్రైవేటు వైద్యుల దగ్గర జరిపిన ఒక అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఓఆర్‌ఎస్ రాయకపోవడంలో స్టాకు లేకపోవడం, డబ్బు ఆశ రెండింటి వాటా చాలా తక్కువని అందులో తేలింది. ఎక్కువ వాటా ఒక అపోహది. ‘రోగులకు ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదు, ఏదో గట్టి మందు కావాలంటారు’ అని వైద్యులు అనుకుంటున్నారు. ఓఆర్‌ఎస్ కావాలని అడిగినవాళ్లకు మాత్రం రాసిస్తున్నారు. మనవాళ్లేమో డాక్టరు రాస్తే చాలు తాగడానికి సిద్ధం, కానీ అడగరు. రెండువైపులా ఒకరి మనసులో ఏముందో ఇంకొకరు ఊహించుకుని, మధ్యలో పిల్లకు అనవసరపు యాంటీబయాటిక్ పడుతోంది.

నోటితో తాగగలిగే మనిషిని కూడా ఒక సీసా ఎక్కించండి డాక్టరుగారూ, నీరసంగా ఉంది అని తీసుకెళ్లడం మన పల్లెల్లో ఇప్పటికీ చూస్తాం. సూది గుచ్చితేనే వైద్యం జరిగినట్టు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని తల్లులకు నిజాయితీగా చెప్పాలి: ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. తాగించాక కూడా కాసేపు అవుతూనే ఉంటాయి. పనిచేయడం లేదని వదిలేయడం ఇక్కడే జరుగుతుంది. అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఎన్నిసార్లు వెళ్లిందని కాకుండా మూత్రం వస్తోందా, నాలుక తడిగా ఉందా, బిడ్డ చురుగ్గా చూస్తోందా అన్నవి చూడాలి.

అర్ధరాత్రి వాంతులు చేసుకుంటున్న పసిబిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్న అమ్మ సంగతి చూడండి. గ్లాసెత్తి తాగిస్తే అంతా బయటికి వచ్చేస్తుంది. పది నిమిషాలు ఆగి, చెంచాతో ఒకటి, ఒకటి రెండు నిమిషాలకు ఇంకొకటి. ఇలా గంటలు. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన పిల్లలకు 100 నుంచి 200. తల్లిపాలు ఆపకూడదు, తిండి ఆపకూడదు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీచెంచాతో. బిడ్డ మత్తుగా పడి ఉంటే, తాగలేకపోతే, విరేచనంలో రక్తం కనిపిస్తే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మహలనబిస్‌కు విదేశాల్లో గౌరవాలు అందాయి. 2002లో పొలిన్ బహుమతి, 2006లో థాయిలాండ్ ప్రిన్స్ మహిడోల్ పురస్కారం, రెండూ నలిన్ తదితరులతో కలిసి. పద్మవిభూషణ్ 2023లో ప్రకటించారు, ఆయన పోయిన మూడు నెలలకు. బతికుండగా తాను పొదుపు చేసిన కోటి రూపాయలను, వృత్తి తొలినాళ్లలో పనిచేసిన కోల్‌కతాలోని పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశారు.

ఆయన డ్రమ్ము మీద రాయించిన పేరు జనంలో నమ్మకం పుట్టించింది. అర్ధశతాబ్దం తర్వాత ఆ నమ్మకమే వేరేవాళ్లకు సరుకైంది. ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలను పేరులో కలుపుకుని, చక్కెర ఎన్నోరెట్లు ఎక్కువున్న తీపి పానీయాలు టెట్రాప్యాక్‌లలో మందుల షాపుల్లోకి వచ్చాయి. విరేచనాల పిల్లలకు అవే తాగించేవాళ్లు. అంత చక్కెర పేగులో ఏం చేస్తుందో పైన చూశాం. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా కొట్లాడారు, కోర్టుకెళ్లారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

ఈసారి షాపులో ప్యాకెట్ తీసుకున్నప్పుడు రంగులు, పండ్ల బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు.